నిన్ఫా దిండు మీద చుక్క

సరస్సుకు వంతెన లేని రోజుల్లో, ఆవలి ఒడ్డు చుట్టాన్ని చూడాలంటే పడవ కోసం గట్టున పడిగాపులు కాయవలసిన కాలంలో పుట్టి, ఆ వంతెన నీటి మీద లేచి నిలవడమూ, చమురు బావుల సిరితో ఊరు నలుదిక్కులా పాకడమూ, తాను గోళీలాడిన సలదీయో పేటను సర్కారు యంత్రాలు నేలమట్టం చేయడమూ కళ్ళారా చూసి, తలమీది వెంట్రుకలూ నోటిలోని పళ్ళూ ఒకదాని వెనుక ఒకటి సెలవు పుచ్చుకుంటున్నా చలించక, తనతోపాటు ముదిమి పైబడి కూడా నిలిచిపోని వస్తువు లోకంలో ఏదైనా ఉంటే అది తన పడకగది గోడలోని ఏసీ యంత్రమొక్కటేనని నలుగురిలో చెప్పుకుని తృప్తిపడిన మనిషి, మరకైబో నగరవాసి ఎర్మాగొరస్ బొస్కాన్.

వృత్తిరీత్యా ఆయన సారథి. ముక్కూ మొహమూ తెలియని ఐదుగురిని ఒకే కారులో కుక్కి, చేయెత్తినచోట ఎక్కించి, ఆపమన్నచోట దించుతూ, బేయా వీస్తా వీధి పొడవునా ఒక పొడుగాటి అమెరికా కారును యౌవనం నుంచి వార్ధక్యం దాకా తోలాడు. ఆ కారు పట్ల ఆయనకొక వ్రతం ఉండేది. ప్రాతఃకాలాన ఇంజను పలికిందంటే మళ్ళీ ఇల్లు చేరేదాకా దానిని ఆపేవాడు కాడు. భోజనవేళ వీధిలో అది గురగురమంటూ ఉంటే ఈయన లోపల మేకమాంసం కూర తినేవాడు. పెట్రోలు పోయించుకునేటప్పుడు కూడా ఆపేవాడు కాడు. బంకులోని మనుషులు శిలువ గుర్తు వేసుకుని పోసేవారు. ఒకనాడు బంకులో కొత్తగా చేరిన మనిషి నియమాల పలక చూపించి ససేమిరా అన్నాడు. గత్యంతరం లేక ఎర్మాగొరస్ తాళం తిప్పి ఇంజను ఆపాడు. అది మళ్ళీ పలకలేదు. ప్రయాణికులు దిగి తోశారు, బంకు మనిషి పశ్చాత్తాపంతో తానూ తోశాడు. ఫలితం శూన్యం. ఆయన ఉద్యోగ పర్వం ఆ బంకులోనే సమాప్తమయింది. ముసలివాళ్ళను నిద్ర లేపరాదని లోకం అంటుంది. ముసలి యంత్రాన్ని నిద్రపోనివ్వరాదని ఆనాటి నుంచి ఎర్మాగొరస్ సిద్ధాంతం.

ఏసీ కథ అంతకన్నా పాతది. పెళ్ళిమాటలు నడుస్తున్నప్పుడు, సాంత లూసియా పేట పిల్ల నిన్ఫా ఒకే ఒక్క షరతు పెట్టింది.

"ఈ ఊరి ఉక్కలో మొగుడి పక్కన పడుకోవడం నావల్ల కాదు. ముందు చల్లదనం తే, తరవాత ఉంగరం తే."

ఎర్మాగొరస్ ఆ వరుసనే తెచ్చాడు. పడకగది కిటికీని ఇటుకలతో మూయించి, నడుమ మిగిల్చిన సందులో యంత్రాన్ని కూర్చోబెట్టాడు. దాని ముఖం మంచం తలాపి వైపు, వీపు పక్కసందు వైపు. పెళ్ళినాడు మీట తిప్పాడు. ఆ తరువాత ఎన్నడూ తన చేత్తో తిప్పలేదు. అప్పుడప్పుడు కరెంటు కాసేపు పోయేది. అది మాత్రం లెక్కలోకి రాదని ఆయన వాదం. కరెంటు పోవడం దైవికం, రావడం దైవికం. దేవుడు ఆపినదాన్ని దేవుడే లేపుకుంటాడు, మనిషి ఆపినదానికి ఆ పూచీ లేదు. కరెంటు లేనంతసేపూ ఆయన యంత్రం మీద చేయి వేసి, ఊరి ఇలవేల్పు చినీతా మాతను స్మరిస్తూ నిలబడేవాడు. మరకైబోలో ఇది విడ్డూరం కాదు. అక్కడ ఏసీ ఆపడమంటే పొయ్యి ఆర్పుకోవడం లాంటిది. ఇల్లు ఖాళీ చేసి పోయేవాడు తప్ప మరొకడు ఆ పని చేయడు.

అటువంటి ఇంట, ఒక మండుటెండ మధ్యాహ్నం, దంపతులు కునుకు తీస్తూండగా నిన్ఫా కళ్ళు తెరవకుండానే అంది:

"బొస్కాన్, వాన కురుస్తోంది."

ఆ ఊరి ఆడవాళ్ళు కొందరు మొగుణ్ణి ఇంటిపేరుతో పిలుస్తారు. కోపమైనా ప్రేమైనా పిలుపు అదే.

"ఎక్కడ?" అన్నాడు ఎర్మాగొరస్.

"నా నుదుటి మీద."

ఆయన లేచి నిచ్చెన వేసి డాబా ఎక్కాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు. డాబా మీద ఎండకు పడుకున్న బల్లి ఆయనను చూసి కదలను కూడా లేదు. దిగివచ్చి వాన లేదని విన్నవించాడు. నిన్ఫా తడిసిన దిండు ఆయన చేతిలో పెట్టింది. ఇద్దరూ తలెత్తి చూశారు. యంత్రం పెదవి అంచున ఒక చుక్క నిండుగా ఊరి, తొందరలేకుండా సాగి, దిండు ఉండవలసిన చోటనే పడింది.

తొలిరోజులలో పాత్రల చికిత్స నడిచింది. మంచం మీద ముందు గిన్నె, తరువాత బోగాణీ, ఆ తరువాత కూతురి చిన్ననాటి స్నానపు తొట్టి వెలిశాయి. మంచాన్ని పక్కకు జరపడానికి వీలులేదు. నిన్ఫా తల్లి ఇచ్చిన అలమారు గదిలో సగం ఆక్రమించి, ఎవరు చచ్చినా కదలనని కూర్చుంది. చోటు మార్చుకుందామంటే ఎర్మాగొరస్ గోడవైపు తప్ప నిద్రపోలేడు. కొన్నాళ్ళు నిన్ఫా తొట్టిని కౌగిలించుకుని పడుకుంది. ఆపైన ఒకనాడు దిండు, జపమాల, బల్లఫ్యాను తీసుకుని వసారాలోని ఊయలపడకకు తరలిపోయింది.

"అది కారడం మానిన రోజున వస్తాను," అంది. "దానికి చెప్పు."

ఇంతలో కొండల మీది మెరిదా పట్నం నుంచి ఆమె చెల్లెలు ఫ్లోరాల్బా ఫోను చేసింది. సంగతి విని నవ్వింది.

"అక్కా, ఇక్కడ దేవుడే ఏసీ. మీట లేదు, చుక్క లేదు. ఉన్ని దుప్పటి తెచ్చుకో, చాలు. పైగది ఖాళీగానే ఉంది."

"ఎన్నాళ్ళకి?" అని నిన్ఫా అడగడం, పక్కనే నిలబడ్డ ఎర్మాగొరస్ విన్నాడు. చెల్లెలు ఏమందో వినబడలేదు. నిన్ఫా మాత్రం ఫోను పెట్టేసి అలమారు తెరిచి, కర్పూరపు వాసన కొట్టే ఉన్ని చొక్కాలు బయటికి తీసింది. రాబోయే ఆదివారం బస్సుకు వెళతానంది. తిరుగు ప్రయాణం మాట ఎత్తలేదు.

మెరిదా వెళ్ళిన మరకైబోవాళ్ళు తిరిగి రావడం అరుదు. చలికి అలవాటుపడ్డ దేహం మళ్ళీ ఈ కుంపటిలోకి దిగనంటుంది. పోనీ, వెంట తానూ వెళదామంటే ఎర్మాగొరస్‌కు అది అలవికాని పని. ఒకసారి వెళ్ళాడు. రెండు చొక్కాల మీద కోటు వేసుకున్నా ఎముకలు వణికాయి. పైగా అక్కడివాళ్ళు కేకలు వేయకుండా మాట్లాడతారు. ఊరు ఊరంతా తనమీద అలిగిందేమోనని ఆయనకు తిన్న తిండి సహించలేదు. కాబట్టి ఆయన ముందున్నది ఒక్కటే దారి: ఆదివారంలోగా చుక్క ఆగాలి. గంగను నేలకు దించడానికి భగీరథుడు పడ్డ శ్రమ అందరికీ తెలిసినదే. దిగుతున్న నీటిని ఆపడానికి ఈ సారథి పడ్డ పాటు అంతకు తీసిపోదు. ఎటొచ్చీ ఒక్కటే నియమం: యంత్రం తిరుగుతూనే ఉండాలి.

మొదట వచ్చిన వైద్యుడు అవుస్బెర్తో. చిన్ననాటి నుంచీ నువ్వు నువ్వనుకున్న స్నేహితులే. ఎర్మాగొరస్ కూతురికి జ్ఞానస్నానపు తండ్రిగా నిలిచిన నాటి నుంచి మాత్రం అవుస్బెర్తో కొంపాద్రె అయ్యాడు, నిన్ఫా ఆయనకు కొమాద్రె అయింది. ఆ బంధుత్వం వియ్యానికన్నా ఒక మెట్టు పైది. అప్పటి నుంచి ఇద్దరూ ఒకరినొకరు మీరనే పిలుచుకున్నారు; తిట్టుకోవలసి వచ్చినా గౌరవం తగ్గకుండానే తిట్టుకున్నారు.

అవుస్బెర్తో గుమ్మంలోనే నిలబడి, ఒక కన్ను మూసి చూశాడు.

"కొంపాద్రే, మీ యంత్రం లోపలికి వంగి ఉంది. నీళ్ళు పల్లానికి పోతాయి. పల్లం ఎటుంది? కొమాద్రె దిండు వైపుంది."

"పెళ్ళినాడు బెత్తెడు బయటికి వంచే పెట్టాను."

"పెళ్ళినాడు మీరూ నిటారుగానే ఉండేవారు."

ఇద్దరూ మంచమెక్కి, తిరుగుతున్న యంత్రాన్ని ముందువైపు నుంచి ఎత్తి, కింద ఒక చెక్కముక్క దూర్చారు. ఎత్తేటప్పుడు దాని స్వరం మారింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి, దానిని చేతులమీద మోస్తూ అలాగే నిలబడిపోయారు. వసారాలోంచి నిన్ఫా కేకవేసింది:

"ఏమయ్యింది?"

"మాట్లాడకు!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

స్వరం కుదుటపడింది. మరునాడు చుక్క పడలేదు. ఎర్మాగొరస్ వెళ్ళి వసారాలో విషయం నివేదించాడు. నిన్ఫా దిండు చంకన పెట్టుకుని వచ్చి, కూర్చుని, తలెత్తి చూసింది. చుక్క ఆమె కోసమే ఎదురుచూస్తున్నట్టు అప్పుడే ఊరింది. ఆమె దిండు మళ్ళీ చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

తరువాత వచ్చినవాడు మెకానిక్ ఎందెర్. పేటలో పేరున్నవాడు. పరికరాల సంచి నేలమీద పెట్టి, మొదటి మాటగా అన్నాడు:

"ముందు ఆపండి సార్."

"అది తప్ప ఇంకేమైనా చెప్పండి."

"ఆపకుండా ఎలా విప్పుతానండీ?"

"నాకు కడుపు కోసినప్పుడు డాక్టర్లు నా గుండె ఆపలేదే!"

"దేనికి కోశారు?"

"హెర్నియాకి."

ఎందెర్ సంచి భుజాన వేసుకున్నాడు. సందులోకి వెళ్ళి, నీళ్ళు బయటికి పోయే కన్నంలోకి ఇనుప తీగ దూర్చి కెలికాడు. ముందు నల్లటి బురద, ఆ వెనుక పీచుపీచుగా ఎండాకు ముక్కలు, ఆపైన ధారగా నీళ్ళు వచ్చాయి.

"పక్షి గూడు," అని తీర్పు చెప్పాడు. "పిట్టలు దూరి కట్టుకున్నాయి. ఇక బాధ లేదు."

"మరి చుక్క?"

"పడదు. పడిందంటే మాత్రం ఆపాల్సిందే. లేదా కొత్తది కొనండి."

రెండో మాట విన్నాక ఎర్మాగొరస్ అతనికి నిమ్మరసం ఇప్పించి, మర్యాదగా సాగనంపాడు. చుక్క గురువారం దాకా ఆగింది. గురువారం సాయంత్రం అలమారు అద్దం మీద పడ్డ వెలుగులో ఎర్మాగొరస్ యంత్రపు ముఖాన్ని దగ్గరగా చూశాడు. జాలీ వెనుక ఏదో తెల్లగా, గడ్డంలా పెరిగి ఉంది. వేలు దూర్చి తాకాడు. చురుక్కుమంది. అది మంచు.

అక్కడ వివేకవంతుడైన మనిషి కలవరపడి ఉండేవాడు. చల్లదనం గదిలోకి పూర్తిగా రాక, లోపలే గడ్డకట్టి, కరిగినంత మేర కారుతున్నదని అతనికి తోచేది. ఎర్మాగొరస్ మరకైబో మనిషి. మంచును చూసి ఆయనకు ఛాతీ ఉప్పొంగింది. ఈ వయసులో, ఈ ఎండలో, కొత్త యంత్రాలు వెచ్చటి గాలి వదులుతున్న కాలంలో, తన యంత్రం మంచు కాస్తున్నది! అవుస్బెర్తోను పిలిపించాడు. ఆయన వెంట పక్కింటివాళ్ళూ వచ్చారు. అందరూ వరుసగా వేలు పెట్టి చూశారు.

"ఇది రోగం కాదు, కొంపాద్రే, బలం," అన్నాడు అవుస్బెర్తో. "బలం ఎక్కువై కారుతోంది."

ఎర్మాగొరస్ చెంచాతో ఒక పలుకు గీకి, నిమ్మరసంలో వేసి, వసారాకు తీసుకుపోయాడు.

"చూశావా నిన్ఫా? మీ చెల్లెలికి కొండమీద మంచుంటే, మనకు ఇంట్లోనే ఉంది."

నిన్ఫా నిమ్మరసం పూర్తిగా తాగి, గ్లాసు తిరిగి ఇచ్చింది.

"చాలా సంతోషం. అయితే ఆ కొండ కింద నీ దిండు పెట్టుకో."

ఆ మాటతో ఆయన పొంగు చప్పున దిగిపోయింది. శనివారం మధ్యాహ్నానికి పెట్టె వసారాలోకి వచ్చి నిలిచింది. బస్సు మరునాటి ఉదయం. నిన్ఫా వంటింట్లో, ప్రయాణానికని, పండిన అరటిపండు పిండితో మందోకలు చుట్టి నూనెలో వేస్తున్నది. నొసటి చెమట ముంజేత్తో తుడుచుకుంటున్నది. ఎర్మాగొరస్ కాసేపు ఆ గుమ్మంలో నిలబడి, పడకగదిలోకి వెళ్ళి తడిమంచం అంచున కూర్చున్నాడు.

గది చల్లగా ఉంది. తడిసిన పరుపు మరీ చల్లగా తగిలి, ఆయన కాళ్ళు ముడుచుకున్నాడు. అప్పుడు ఆయనకు పెట్రోలు బంకు కళ్ళముందు మెదిలింది. తిప్పిన తాళం, ఆ తరువాతి నిశ్శబ్దం, దిగి తోస్తున్న అపరిచితుల వీపులు. ఆపితే ఇదీ అంతే కావచ్చు. ఆపకపోతే రేపు బస్సు కొండెక్కడం నిశ్చయం. ఎవరికోసం ఈ చల్లదనాన్ని ఉంగరంకన్నా ముందు ఇంటికి తెచ్చాడో ఆ మనిషి గోడకవతల చెమటలో మునుగుతున్నది. మరి ఈ గది ఎవరికోసం చల్లబడుతున్నట్టు? ఈ ప్రశ్న ఇన్నాళ్ళూ తనకు ఎందుకు తోచలేదో ఆయనకు తెలియలేదు. యంత్రం చప్పుడులో తన ఆలోచన తనకే వినబడకపోయి ఉండవచ్చు.

లేచి, శిలువ గుర్తు వేసుకుని, మీట పట్టుకున్నాడు. అది కదలలేదు. ఇన్నేళ్ళుగా ఎవరూ తిప్పని మీట తన ధర్మం మరచిపోయింది. గట్టిగా తిప్పితే ఊడి చేతిలోకి వచ్చింది. యంత్రం తిరుగుతూనే ఉంది. పటకారు తెచ్చి, మిగిలిన ఇనుప మొలకను పట్టి, కళ్ళు మూసుకుని తిప్పాడు.

ఆగింది.

ఆ సందులోని ఇళ్ళకు ఆ యంత్రపు హోరు కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఉన్నదే. పిల్లలు దానిని వింటూ నిద్రపోయారు, పెద్దలు దానిమీదుగా కేకలు వేసుకున్నారు. అది హఠాత్తుగా ఆగేసరికి వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. కరెంటు పోలేదని దీపాలు చూసి నిర్ధారించుకున్నారు. అంటే బొస్కాన్ ఇంట ఎవరో పోయారన్నమాట. ఎదురింటావిడ సెన్యోరా ఓతీలియా ఫ్లాస్కు నిండా కాఫీ కాచుకుని వచ్చింది. అవుస్బెర్తో నల్ల టోపీ పెట్టుకుని వచ్చి, గుమ్మంలో దానిని తీసి ఛాతీకి ఆనించుకున్నాడు.

"ఎవరు, కొంపాద్రే?"

"ఎవరూ కాదు."

"కొమాద్రెనా?"

"వంటింట్లో ఉంది."

"మరి?"

ఎర్మాగొరస్ పటకారుతో గోడవైపు చూపించాడు. అవుస్బెర్తో చాలాసేపు అటు చూసి, తల వంచాడు.

"బాధపడిందా?"

"లేదు. ఒక్కసారి వణికి ఆగింది."

"అదృష్టవంతురాలు," అంది ఓతీలియా. చావు ఇంటికని కాచిన కాఫీని తిరిగి తీసుకుపోవడం అరిష్టం కనుక, అందరూ కూర్చుని తాగారు.

నిన్ఫా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మీట లేని యంత్రాన్ని చూసింది, మొగుడి చేతిలోని పటకారును చూసింది.

"నువ్వే ఆపావా?"

"నేనే."

ఆమె లోపలికి పోయి బకెట్టు, గుడ్డలు తెచ్చింది. మంచు కరగడం మొదలుపెట్టింది. ముందు చుక్కలుగా, పిదప ధారలుగా, చివరికి పెళ్ళలు పెళ్ళలుగా విరిగి పడింది. బకెట్లు ఎత్తి అరటిచెట్టు మొదట్లో పోశారు. గదిలోకి వీధి వేడి మెల్లగా ఎక్కింది. ఆ వేడితోపాటు నిశ్శబ్దమూ ఎక్కింది. అందరూ అలవాటుకొద్దీ అరిచి మాట్లాడి, ఎదుటివాడు ఉలిక్కిపడితే గొంతు తగ్గించుకుంటున్నారు.

మంచు పూర్తిగా దిగాక అవుస్బెర్తో జాలీ విప్పాడు. దాని వెనుక ఫిల్టరు అనేదొకటి ఉంటుందని ఆ ఇంట ఎవరికీ తెలియదు. అది మాసిన కంబళిముక్కలా ఉంది. దానికీ చల్లటి గొట్టాలకూ నడుమ సందులో, ఆకులు. ఎండిన తాటాకు చీలికలు. పైన ఉన్నవి ఇంకా పసుపుగా, ఒద్దికగా అల్లి ఉన్నాయి. కింద ఉన్నవి గోధుమరంగులో. అడుగున ఉన్నవి ఉత్త పొడి. కొన్ని కన్నం దాకా జారి అక్కడ ముద్దకట్టాయి.

"పక్షి గూడే," అన్నాడు ఎర్మాగొరస్. "ఎందెర్ చెప్పాడుగా."

అవుస్బెర్తో ఒకదానిని వెలుగులోకి ఎత్తిపట్టాడు.

"కొంపాద్రే, పక్షులు శిలువలు అల్లవు."

అందరూ నిన్ఫా వైపు తిరిగారు. ఆమె బకెట్టు వైపు తిరిగింది.

మట్టల ఆదివారం నాడు గుడిలో మంత్రించి ఇచ్చే ఆకును శిలువగా అల్లి, ఇంటి రక్షకు తలుపు వెనుక గుచ్చడం ఆ దేశంలో అందరూ చేసేదే. తలుపు వెనుక కాక, ఏసీ కడుపులో ఏడాదికొకటి దాచడం మాత్రం అంతవరకు ఎవరూ వినలేదు.

"నువ్వు గుడి మెట్ల మీద డామినోలాడేవాళ్ళతో కబుర్లాడుతుంటావుగా," అంది నిన్ఫా చివరికి. "నేను ముందొచ్చి జాలీ పైసందులోంచి లోపలికి జార్చేదాన్ని."

"దేనికి?"

"దేనికంటే? అది ఆగకూడదని."

"నువ్వా? నీకు దానిమీద అంత..."

"దానిమీద కాదు, మనిషీ!" ఆమె గొంతు పెరిగి, నిశ్శబ్దంలో మరీ పెద్దగా వినబడింది. "కారు ఆగిన ఏడాది నిన్ను చూశాను. గోడకేసి కూచున్నావు. తినమంటే తిన్నావు, లెమ్మంటే లేచావు. ఇది కూడా ఆగితే ఇక లెమ్మన్నా లేవవని భయం. అందుకని పెట్టాను. మరుసటేడూ పెట్టాను. పాతవి తీసి పారేద్దామంటే మంత్రించినవాయె, పారేయకూడదు."

ఓతీలియా కాఫీ గ్లాసులు ఏరుకోవడంలో నిమగ్నమయింది. అవుస్బెర్తో టోపీ లోపలి అంచును పరిశీలించాడు.

"మరి రేపు వెళ్ళిపోతానన్నావు," అన్నాడు ఎర్మాగొరస్.

"తడి దిండు మీద పడుకునేంత భక్తి నాకు లేదు. ఒక్కసారి ఆపి చూద్దామని నీ నోట వస్తుందేమోనని చూశాను. చెక్కముక్కలు పెట్టావు, తీగలు పెట్టావు, మంచు తినిపించావు. ఆ మాట మాత్రం రాలేదు."

"అడగకపోయావా?"

"అడిగితే ఆపేవాడివా?"

ఎర్మాగొరస్ అబద్ధమాడే మనిషి కాడు. మీట ఊడిన చోటును చూపించాడు. అన్నాడు:

"ఇవాళ అడక్కుండానే ఆపాను."

"చూశాను," అంది నిన్ఫా.

మంత్రించిన ఆకులను చెత్తలో వేయరాదు కనుక, ఆమె వాటన్నిటినీ ఒడిలోకి ఏరి, పెరట్లో ఒక పాత రేకుడబ్బాలో దహించింది. ఆ బూడిదను గుడికి అప్పగించారు. విభూది బుధవారం నాడు నుదుట పెట్టించుకున్నవారిలో ఒకరిద్దరు, ఈ ఏడు విభూది కాస్త జిడ్డుగా ఉందన్నారు. ఫిల్టరును సబ్బునీళ్ళతో ఉతికి, దండెం మీద నిన్ఫా గౌనుల పక్కన ఆరేశారు. గొట్టాల సందులను పాత పళ్ళకుంచెతో తోమారు. కన్నం శుభ్రమయింది. అన్నీ యథాస్థానాల్లో అమర్చాక, మిగిలిన పని ఒక్కటే. దానికోసం వీధి సగం గుమ్మంలో నిలబడింది.

ఎర్మాగొరస్ పటకారు పట్టుకున్నాడు. మొలక దాకా తెచ్చి, వెనక్కి తీసుకున్నాడు. పటకారును నిన్ఫా చేతికి ఇచ్చాడు.

ఆమె తిప్పింది. ఏమీ కాలేదు. మళ్ళీ తిప్పింది. ఏమీ కాలేదు. అవుస్బెర్తో టోపీ మళ్ళీ ఛాతీకి చేరింది. ఎర్మాగొరస్ మంచం మీద కూర్చుండిపోయాడు. ఆయన చూపు గోడను వెతుక్కుంటూ పోవడం నిన్ఫా గమనించింది. వచ్చి పక్కన కూర్చుని, ఆయన మోకాలి మీద చేయి వేసింది.

"పోనీలే బొస్కాన్," అంది. "వసారాలో ఇంకో ఊయల కట్టడానికి చోటుంది. గాలి కొద్దిగా వస్తుంది."

ఆయన చూపు గోడదాకా పోకుండా మధ్యలోనే ఆగి, ఆమె వైపు తిరిగింది.

"నా గురక తెలుసుగా. వసారా అంటే వీధంతా వింటుంది."

"విననీ. ఇన్నేళ్ళూ యంత్రాన్ని విన్నారు."

అప్పుడు అవుస్బెర్తో దగ్గాడు.

"కొంపాద్రే, తడి చేతులతో పని కదా అని ప్లగ్గు నేనే పీకాను. చెప్పడం మరిచాను. మీరు తిట్టదలిస్తే నేను సిద్ధం."

"మీరు గాడిద, కొంపాద్రే," అన్నాడు ఎర్మాగొరస్, గౌరవంగా.

ప్లగ్గు పెట్టారు. యంత్రం ఒకసారి దగ్గి, గోడ అదిరేలా గుర్రుమని, తన పాత శ్రుతికి వచ్చింది. సందులో తలుపులు ఒకటొకటిగా మూసుకున్నాయి. ఎర్మాగొరస్, నిన్ఫా పక్కపక్కన కూర్చుని, జ్వరం దిగిన రోగిని చూసినట్టు దాని పెదవి అంచునే చూస్తూ ఉండిపోయారు. అది పొడిగా ఉంది. చల్లటిగాలి, జాలీ అంతటా సమానంగా, మంచం చివరిదాకా వచ్చింది. అంత చల్లదనం ఆ యంత్రంలో ఉందని కొన్నేళ్ళుగా ఇద్దరికీ తెలియదు.

నిన్ఫా వసారాకు వెళ్ళి దిండు తెచ్చింది. పెట్టె తేలేదు.

"ముందు పడుకుని చూస్తాను. చుక్క పడిందంటే బస్సు ఉండనే ఉంది."

ఆదివారం బస్సు ఆమె లేకుండానే కొండెక్కింది. ఆమె నిద్రలేచి, మిగిలిన మందోకలు మొగుడితో కలిసి తిని, చెల్లెలికి ఫోను చేసింది. ఎందుకు రావడంలేదని ఫ్లోరాల్బా గట్టిగా అడిగిందట. ఉన్ని చొక్కాలు ఇక్కడే పనికి వస్తున్నాయని చెప్పింది.

ఆ పిమ్మట ఏటేటా, మట్టల ఆదివారానికి ముందురోజున, ఎర్మాగొరస్ తన చేత్తోనే యంత్రాన్ని ఆపి ఫిల్టరు కడుగుతున్నాడు. ఆపేముందు వీధిలో ఇంటింటికీ కబురు చెప్పి వస్తాడు. అయినా ఓతీలియా కాఫీ తెస్తూనే ఉంది. ఆగిన కాసేపూ ఆలుమగలు గొంతులు తగ్గించుకుని మాట్లాడుకుంటారని, ఆ మాటలు సందులోకి వినబడవని వినికిడి.

సకల జీవులకూ నీడనిచ్చే పరమాత్ముడు ఎర్మాగొరస్ బొస్కాన్‌కు దీర్ఘాయువునూ, ఆయన ఇల్లాలికి ఆరోగ్యాన్నీ, ఒడ్డు దాటి కాపురానికి వెళ్ళిన వారి కుమార్తెకు సంతానసౌభాగ్యాన్నీ ప్రసాదించుగాక. చినీతా మాత చల్లని చూపు ఆ ఇంటి కప్పు మీద ఎన్నటికీ నిలుచుగాక. ఆ దంపతులు ఒకరి నిద్రకు ఒకరు కాపలాగా, నిండు నూరేళ్ళు సుఖంగా ఉందురుగాక.